తొలిదశ రొమ్ము క్యాన్సర్: గడ్డ వరకే తీయించాలా, రొమ్ము మొత్తమా?

జబ్బు బయటపడగానే చాలా ఇళ్లలో "మొత్తం తీసేయిస్తే పీడ విరగడవుతుంది" అంటారు గానీ, ఆ మాటకు ఆధారం తక్కువ. ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్తో వెరొనేసి అనే క్యాన్సర్ సర్జన్ బృందం, 2 సెంటీమీటర్లకు మించని గడ్డలున్న 701 మంది స్త్రీలను సుమారు 20 ఏళ్లు గమనించి 2002లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రొమ్ములో కొంత భాగమే తీసి రేడియేషన్ ఇచ్చినవారూ, మొత్తం తీసినవారూ సమానంగానే బతికారు.

తిరగబెట్టే ముప్పు: గడ్డ వరకే తీస్తే అదే రొమ్ములో జబ్బు మళ్లీ రావడం కొంత ఎక్కువ, మొత్తం తీసినా ఛాతీ గోడపై రావచ్చు.

శ్రమ, ఖర్చు: మొదటి పద్ధతిలో సాధారణంగా 3 నుంచి 5 వారాలు, వారానికి 5 రోజుల చొప్పున రేడియేషన్‌కు వెళ్లాలి. యంత్రం కింద గడిచేది కొద్ది నిమిషాలే అయినా, దూరపు ఊరివారికి బస్సు ఛార్జీలు, పట్నంలో బస, తోడు వచ్చినవారి కూలి నష్టం కలిసి అసలు భారమవుతాయి. రెండోదానిలో చాలామందికి రేడియేషన్ అవసరం రాదు. జబ్బు చంకలోని గ్రంథులకు పాకితే మాత్రం రేడియేషన్ తప్పకపోవచ్చు.

కీమో: ఏ ఆపరేషన్ అన్నదాన్ని బట్టి కాక, జబ్బు స్వభావాన్ని బట్టే నిర్ణయిస్తారు.

గడ్డ చిన్నదై, ఒకేచోట ఉండి, రోజూ వెళ్లిరాగలిగితే మొదటిదే మేలు. రొమ్ములో పలుచోట్ల జబ్బు విస్తరించినా, గతంలో ఛాతీకి రేడియేషన్ ఇచ్చి ఉన్నా సాధారణంగా రెండోదే సరిపడుతుంది. గడ్డ పెద్దదైతే, ముందు కీమోతో కుదించి రొమ్మును కాపాడే వీలుందేమో ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోకముందే సర్జన్‌ను అడగాలి.