కోకాపేట వైపు ఇల్లు చూపించిన ఏజెన్సీ: మా అనుభవం

2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేటలోని నియోపొలిస్ ప్రభుత్వ భూముల వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటిన తరువాత, ఆ చుట్టుపక్కల ఇల్లు వెతకడమంటే కదిలిపోయిన బస్సు వెంట పరుగెత్తడమే అయింది. మేము ఆశ్రయించిన ఏజెన్సీ మర్యాదకు లోటు చేయలేదు. అయితే శనివారం చెప్పిన ధర, మేము ఇంట్లో మాట్లాడుకుని సోమవారం ఫోన్ చేసేసరికి చదరపు అడుగుకు 300 రూపాయలు పెరిగింది. 1,650 చదరపు అడుగులని చూపించిన ఫ్లాట్‌లో కార్పెట్ ఏరియా (గోడల లోపల నిజంగా వాడుకునే చోటు) 1,150 మాత్రమేనని మూడుసార్లు అడిగితే గానీ చెప్పలేదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య అడిగితే, “త్వరలో వస్తుందండీ, ఈలోగా ప్రీలాంచ్ ధరకు తీసుకోండి” అన్నారు. నమోదు కావలసిన ప్రాజెక్టును నమోదుకు ముందే అమ్మజూపడాన్ని 2016 నాటి రెరా చట్టం నిషేధించిందన్న సంగతి వారికి తెలియదనుకోలేను. ఎండలో మమ్మల్ని ఓపికగా తిప్పిన కుర్రవాడికి పూర్తి మార్కులు, ఏజెన్సీకి ఐదింటికి రెండు.