94 మార్కుల సీసా, 11,400 రూపాయల సిర్కా

మన హనుమకొండలో విదేశీ సీసాలు అమ్మే ఆ అద్దాల దుకాణం గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. పేరు రాయకపోయినా ఏదో మీకు తెలిసిపోతుంది. మొన్న శనివారం అక్కడ 11,400 రూపాయలు పోసి ఒక సీసా కొన్నాను. కాబెర్నే సావిన్యాన్, మెర్లో ద్రాక్షలు కలిపి, ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు పద్ధతిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో చేసిన 2008 నాటి ఎర్ర వైన్ అది. మా బావగారి పదవీ విరమణకు ఏదైనా విశేషమైనది ఇవ్వాలన్నది నా ఆశ. ప్రతి సందు మొగలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టి లోపల వైన్ తప్ప అన్నీ అమ్మే ఊళ్ళో అసలైన వైన్ దొరికిందని మురిసిపోవడం నా మొదటి తప్పు.

సీసా మెడకు వేలాడదీసిన అట్టముక్కను నమ్మడం రెండవ తప్పు. ఎవరో వైన్ విమర్శకుడు దానికి నూటికి 94 మార్కులు వేసి, దేవదారు పెట్టె, పొగాకు, పాత తోలు, బ్లాక్‌కరెంట్ పండు గుర్తుకు వస్తాయనీ, 2030 దాకా నిలుస్తుందనీ రాసిన మాటలు దానిమీద అచ్చువేసి ఉన్నాయి. బ్లాక్‌కరెంట్ పండును వరంగల్‌లో కళ్ళతో చూసినవారు ఎందరున్నారో తెలియదు గానీ, చదవడానికి మాత్రం సొంపుగానే ఉంది. నాకు ఈ విషయాల్లో కాస్త చదువు ఉండడమే నా కొంప ముంచింది. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయ వైన్ వ్యాపారి లేబుళ్ళు దాచి ఫ్రెంచి న్యాయనిర్ణేతలకు రుచి చూపించినప్పుడు ఎర్ర వైన్లలో కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973 మొదటి స్థానంలో నిలిచిందనీ, అవి మా బోర్డోలలాగా కాలానికి నిలవవని ఫ్రెంచివారు పెదవి విరిచినా, 2006లో అవే ఎర్ర వైన్లను మళ్ళీ రుచి చూస్తే కాలిఫోర్నియాదే అయిన 35 ఏళ్ళ రిడ్జ్ మాంటె బెల్లో 1971 అన్నింటినీ దాటిపోయిందనీ చదివి ఉన్నాను. ఆ కథంతా దుకాణం యజమానికి నేనే వినిపించాను. ఆయన తల ఊపుతూ విని, బేరం చేయడానికి వీలులేని ధర చెప్పాడు.

ఇంటికి వచ్చాక నలుగురు పెద్దమనుషుల ముందు సీసా తీశాను. పైనున్న రేకు సీసా మూతికి అతుక్కుపోయి తిరగలేదు. కత్తితో కోస్తే దాని కింద ఎండిన బెల్లపు పాకం లాంటి జిగురు కనబడింది. బిరడా సీసా అంచుకన్నా గోరంత పైకి ఉబ్బి ఉంది. మర మేకును తిప్పి లాగితే సగం బిరడా పొడిపొడిగా రాలిపోగా, మిగిలిన సగంలో ఒక పక్కన అడుగు నుంచి పైదాకా ఎర్రటి చార పాకి ఉంది. అంటే వేడికి లోపలి వైన్ ఉబ్బి బయటికి కారిందన్నమాట. గ్లాసులో పోశాక ముదురు ఎరుపు రంగు వస్తుందనుకుంటే, రెండోసారి మరిగించిన చాయ్ రంగు వచ్చింది. దేవదారూ లేదు, పొగాకూ లేదు. ఉడికిపోయిన ఖర్జూరం, దాని వెనకే ముక్కును కోసే సిర్కా (వెనిగర్) వాసన. బావగారు ఒక గుక్క తాగి, నా మనసు నొవ్వకూడదని, “ఘాటుగా ఉంది, మంచిదేనేమో” అన్నారు. ఆ ‘నేమో’ నాకు ఇప్పటికీ వినిపిస్తోంది.

మరునాడు పొద్దున మూడు వంతులు నిండి ఉన్న ఆ సీసాను, ఆ బిరడాను కాగితంలో చుట్టుకొని దుకాణానికి వెళ్ళాను. యజమాని వాసన కూడా చూడలేదు. “పాత వైన్ అంటే గిట్లనే ఉంటది సార్, మీకు అలవాటు లేదు,” అన్నాడు. నేను బిరడా మీది చార చూపించబోతే, కౌంటర్ కింది నుంచి అలాంటి అట్టముక్కనే మరొకటి తీసి నా ముఖానికి జానెడు దూరంలో పట్టుకొని, “94 ఇచ్చినాయన పిచ్చోడా మరి?” అన్నాడు. బీరు కోసం వరుసలో నిలబడిన నలుగురు కుర్రాళ్ళు ఫక్కున నవ్వారు. అరవైకి దగ్గరపడిన మనిషిని, ఆ నవ్వుకు తల దించుకొని బయటికి వచ్చేశాను. ఆ విమర్శకుడు రుచి చూసింది చల్లని నేలమాళిగ నుంచి వచ్చిన సీసాను గానీ నీ షోకేసులో ఉడికిన సీసాను కాదయ్యా అన్న జవాబు నాకు దర్గా కాజీపేట దాటాక గానీ తట్టలేదు.

ఆ మార్కులైనా శిలాశాసనాలు కావు. బోర్డోలోనే షాతో పావీ 2003 అనే వైన్‌ను అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ఆకాశానికెత్తితే, బ్రిటిష్ విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్ 20కి 12 వేసి తీసిపారేశారు. ఇంతటి నిపుణులకే ఒకే వైన్ మీద పొత్తు కుదరనప్పుడు, ఇన్నేళ్ళ కిందటి అంకెను చూసి, ఎదురుగా ఉన్న సీసాను చూడని నా తెలివిని ఏమనాలి? 12, 13 డిగ్రీల చల్లదనంలో, బిరడా తడిగా ఉండేలా పడుకోబెట్టవలసిన సీసాను దీపం కింద నిలబెట్టి ఉంచడం నేను కొనేటప్పుడే గమనించాను. మే నెలలో మన ఎండ 44 దాటుతుంది. రాత్రి దుకాణం మూస్తే ఏసీ కూడా ఆగిపోతుంది. అక్కడ అది ఎన్ని వేసవులు గడిపిందో అడగడానికి మొహమాటపడ్డాను.

కొనక తప్పదనుకునేవారు సీసాను వెలుతురుకు పట్టి చూడండి. పదిహేనేళ్ళ వైన్ మట్టం సీసా మెడలోనే ఉండాలి, కిందనున్న భుజం దాకా దిగిపోయి ఉంటే అక్కడే పెట్టేయండి. రేకు తిరగకపోయినా అంతే. బిల్లు అడగండి, నేను అడగలేదు. అదే 2008ది రెండో సీసా ఇంకా ఆ షోకేసులో ఎడమవైపు పై అరలో, మెడలో 94 మార్కుల అట్టతో నిలబడి ఉంది. అందులోనూ వైన్ భుజం దగ్గరే ఉంది.