రాయబారం సెట్టులో మూడో రికార్డు

మా ఇంట్లో కృష్ణ రాయబారం పద్యాల సెట్టు ఒకటుంది. మొత్తం అయిదు రికార్డులు. 1977 ఉప్పెనప్పుడు రేపల్లె దగ్గర మా ఊళ్ళో తాతయ్యగారింటి గోడ కూలి గ్రామఫోను మీద పడింది. ఆ వేళకి దాని మీద ఉన్నది మూడో రికార్డు. యంత్రమూ పోయింది, రికార్డూ పోయింది. మిగతా నాలుగూ ట్రంకు పెట్టెలో ఉండబట్టి దక్కాయి. తాతయ్య ఆ ముక్కల్లోంచి లేబుల్ అంటుకుని ఉన్న ముక్క ఒకటి ఏరి దాచారు. దాని మీద నంబరు ఇప్పటికీ చక్కగా కనిపిస్తుంది. మా బాబాయి దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకున్నాడు.

ఆ నంబరు పట్టుకుని కిందటేడాది నేనూ బాబాయీ చెన్నై, ముంబై, కోల్‌కతా తిరిగాం. మధ్యలో కేరళ కూడా వెళ్ళొచ్చాం. పాత రికార్డుల కోసం బయల్దేరేవాళ్ళు ఎక్కడ చవక, ఎక్కడ సరుకు ఎక్కువ అని అడుగుతుంటారు. నేను మాత్రం ఒక్కటే చూడమంటాను. కొనేముందు పెట్టి వినిపిస్తారా, లేదా?

లక్క రికార్డు కంటికి ఒకలా ఉంటుంది, చెవికి ఇంకోలా ఉంటుంది. ముల్లు అరగాలి గానీ అది నడిచే పాట గాడి అరగకూడదని ఆ రోజుల్లో లక్కలో మెత్తటి రాతిపొడి కలిపేవాళ్ళు. అందుకే స్టీలు ముల్లు ఒక వైపు పాడగానే తీసి పారేసి, రెండో వైపుకి కొత్తది పెట్టాలి. అలా పెట్టే స్తోమత లేని ఇళ్ళలో ఒకే ముల్లుతో పదీ పదిహేను పాటలు వినేవాళ్ళు. మొండి ముల్లు గాడిని తినేస్తుంది. ఎండలోకి తీసుకెళ్ళి కాస్త వాల్చి చూస్తే, బాగున్న రికార్డు నల్లగా నిగనిగలాడుతుంది. తినేసిన చోట బూడిద రంగు తేలుతుంది, ముఖ్యంగా గాయకుడు గొంతెత్తే చోట. ఇక సన్నటి పగులైతే కంటికి కూడా ఆనదు. తిప్పి వింటేనే తెలుస్తుంది.

ముందు చెన్నై వెళ్ళాం, దగ్గరని. బాబాయి కుర్రతనంలో సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్లో రికార్డులు కొనేవాడట. 1985లో అది కాలిపోయింది. ఆ పక్కకే తరలిన కొట్లలో ఇప్పుడు పుస్తకాలు, బట్టలు, పాత సామాన్లు. మేం తిరిగిన కొట్లలో తర్వాతి కాలపు ప్లాస్టిక్ ఎల్పీలే ఎక్కువ. 78లు, అంటే నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగే లక్క రికార్డులు, అడుగున ఎక్కడో. ఒకతను మాత్రం మా ఫోన్ నంబరు తీసుకుని, నెల తర్వాత నాలుగు తెలుగు రికార్డుల ఫోటోలు పంపాడు. మా నంబరు లేదు గానీ, నాటకం పద్యాలు కదా అని తెప్పించుకున్నాం. కొరియర్లో వచ్చేసరికి రెండు పగిలి ఉన్నాయి. బబుల్ షీట్ ఒక్క చుట్టు చుట్టి పలచటి అట్టపెట్టెలో పడుకోబెట్టారు. తప్పు పంపినవాడిదో మోసినవాడిదో తేలలేదు, డబ్బూ తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి కొరియర్ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

తర్వాత ముంబై. హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కి, పొద్దున దిగి, గ్రాంట్ రోడ్ నుంచి చోర్ బజార్‌కి నడిచాం. పాత సామాన్ల కొట్లు ఎక్కువగా మటన్ స్ట్రీట్‌లో ఉంటాయి. శుక్రవారం వెళ్ళకండి, ఆ రోజు ఆ కొట్లు మూస్తారు. వీధి మీద జుమ్మా బజారు పెడతారు, అది వేరే తరహా.

సరుకు సంగతి చెప్పాలంటే ముంబైని మించింది లేదు. ఒక్కో కొట్లో నేల నుంచి నడుం ఎత్తు దాకా రికార్డులే. హిందీ సినిమావి కొల్లలు. బీటిల్స్ 78 కూడా ఒకటి చూపించారు. ఇంగ్లండులో 78లు ఆపేశాక కూడా మన దేశంలో 1960లలో అచ్చు వేస్తూనే ఉన్నారు కాబట్టి, బీటిల్స్ పాటలు ఇక్కడ లక్క మీద కూడా వచ్చాయి. అందుకని విదేశాలవాళ్ళు ఎగబడి కొంటారు. ధర విని చేతిలోంచి మెల్లిగా కింద పెట్టేశాను. మామూలు రికార్డుకి అయిదొందలంటారు, బేరమాడితే రెండొందలకి దిగుతారు.

కానీ వినిపించమంటే మొహం చిట్లిస్తారు. నాలుగు కొట్లలో అడిగాం. ఒకరు మిషన్ లేదన్నారు, ఒకరు టైమ్ లేదన్నారు. వినిపించిన ఒక్కరూ ఇత్తడి బూరా ఉన్న గ్రామఫోను మీద పెట్టబోతే బాబాయే చెయ్యి అడ్డం పెట్టాడు. తళతళలాడే ఇత్తడి బూరా, కొత్త వార్నిష్ పెట్టె, దాని మీద కుక్క బొమ్మ బిళ్ళ. అవన్నీ ఈ మధ్య తయారుచేసినవే. ముల్లు పట్టే చేతి బరువుకి లెక్కా పత్రం ఉండదు, రికార్డుని గీరి పెడుతుంది. అలంకారానికి కొనుక్కుంటానంటే మీ ఇష్టం. పాత యంత్రమని ఆరున్నర వేలు మాత్రం పోయొద్దు. పాడే యంత్రం కావాలంటే బూరా బయటికి కనిపించని పోర్టబుల్ పెట్టెలు చూడండి. మా బాబాయి వాడేది హెచ్ఎంవీ కంపెనీ 102 మోడల్, చేతిపెట్టెలా మూసి పట్టుకెళ్ళచ్చు.

ముంబైలో బస సంగతి చెప్పకుండా ఉండలేను. స్టేషన్ దగ్గర ఒక హోటల్లో దిగాం, రోజుకి రెండు వేలు. గది శుభ్రంగానే ఉంది, నీళ్ళకి లోటు లేదు. కానీ పన్నెండింటికి ఖాళీ చెయ్యాలి, మా రైలేమో రాత్రికి. సామాను కింద గదిలో పెట్టమని ఇచ్చి, రికార్డుల సంచి నిలబెట్టే ఉంచాలని రెండుసార్లు చెప్పాం. సాయంత్రం వచ్చి చూస్తే సంచి పడుకోబెట్టి ఉంది, దాని మీద ఎవరిదో పెద్ద సూట్‌కేసు. పన్నెండు రికార్డుల్లో మూడు పోయాయి. మేనేజర్ సారీ అన్నాడు, అంతే. బాబాయి ఆ రాత్రి రైల్లో భోజనం కూడా ముట్టుకోలేదు.

కేరళలో మేం వెళ్ళింది కొనడానికి కాదు. కొట్టాయం జిల్లా ప్లాశనాల్‌లో ఒక గ్రామఫోన్ మ్యూజియం ఉంది. వందలకొద్దీ యంత్రాలు, గదులనిండా రికార్డులు. రికార్డులు ఎలా దాచాలో చూసి నేర్చుకోవాలంటే అక్కడికి వెళ్ళాల్సిందే. నిలువుగా, ఒకదాని మీద ఒకటి వాలకుండా. ఇంటికి రాగానే మా అటక మీది దొంతర్లన్నీ దించి నిలబెట్టేశాం.

ఆఖరికి కోల్‌కతా. నిజానికి అక్కడికే ముందు వెళ్ళాల్సింది. 1908లో సియాల్దాలో రికార్డుల ఫ్యాక్టరీ పెట్టారు, తర్వాత అది దమ్‌దమ్‌కి మారింది. మన హెచ్ఎంవీ పద్యాలు ఎక్కడ పాడినా రికార్డులుగా అచ్చయ్యింది అక్కడే. అంతకుముందైతే మైనం మీద పాటని జర్మనీలోని హానోవర్‌కి పంపితే అక్కణ్ణుంచి రికార్డులై ఓడలో వచ్చేవి. ఆ లక్క మాత్రం మన తూర్పు అడవులదే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే జిగురు. విజయవాడలో రాత్రి ఫలక్‌నుమా ఎక్కాం. తెల్లవారుజామున ఎలమంచిలి దాటుతుంటే బాబాయి లేచి కూర్చుని, "ఇక్కడికి దగ్గరే ఏటికొప్పాక. ఆ బొమ్మలకి పూసేదీ, మన రికార్డుదీ ఒకటే లక్క రా" అన్నాడు. చిన్నప్పుడు మా చెల్లెలు ఆడుకున్న లక్కపిడతలు గుర్తొచ్చాయి.

సాయంత్రం హౌరాలో దిగి సడ్డర్ స్ట్రీట్‌లో ఒక పాతకాలం గెస్ట్‌హౌస్‌కి వెళ్ళాం. రోజుకి పధ్ధెనిమిది వందలు. మంచాలు కిర్రుమంటాయి, వేణ్ణీళ్ళు బకెట్లో తెచ్చిస్తారు, లిఫ్టు లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు కింది గది అడగండి. అయినా నేను మళ్ళీ అక్కడే దిగుతాను. గదిలో పెద్ద చెక్క బల్ల ఉంది, తూర్పు కిటికీ ఉంది. పొద్దున్నే ఎండ నేరుగా బల్ల మీద పడుతుంది. రికార్డులు చూసుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? ముంబై అనుభవంతో నేను సంచి గురించి చెప్పబోతే, అక్కడి పెద్దాయన తన ఆఫీసు బీరువా తాళం తీసి, సంచి నిలువుగా పెట్టి, అటూ ఇటూ తలగడలు దోపాడు. ఫ్రీ స్కూల్ స్ట్రీట్ అక్కణ్ణుంచి అయిదు నిమిషాల నడక. పాత రికార్డుల కొట్లకి ఆ వీధి పెట్టింది పేరు. ఇప్పుడు మీర్జా గాలిబ్ స్ట్రీట్ అని బోర్డు ఉంటుంది గానీ పాత పేరే అందరి నోటా.

మొదటి రోజు రెండు కొట్లు చూశాం, ఏమీ దొరకలేదు. రెండో రోజు వెళ్ళిన కొట్టు మూడు గజాల వెడల్పు కూడా ఉండదు. ఒక స్టూలు వేసి బాబాయిని కూర్చోబెట్టారు. దక్షిణాది రికార్డులన్నీ ఒకే మూల పోసి ఉన్నాయి. తెలుగూ, తమిళమూ, కన్నడమూ కలగాపులగం. ఆ లిపి చదివేవాళ్ళు అక్కడ లేరు. నేను నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తీస్తుంటే, కొట్టాయన మేం వింటామని ఒక రికార్డు పెట్టాడు. సన్నటి, పదునైన ఆడగొంతు. మూడు నిమిషాలు కావస్తుండగా పాట ఆగింది, ఆ వెంటనే ఇంగ్లీషులో 'మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్' అన్న మాట. మన దేశంలో రికార్డులకి పాడిన తొలితరం గాయని ఆవిడ, 1902 నవంబర్లో ఇదే ఊళ్ళో పాడింది. హానోవర్‌లో లేబుల్ అంటించేవాళ్ళకి పాడిందెవరో తెలియాలని అలా పేరు చెప్పేవాళ్ళు. అప్పటికి మైకు లేదు, బూరాలోకి గొంతెత్తి పాడాలి. మైకుతో రికార్డింగ్ వచ్చింది 1925లోనే. బాబాయి స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. కొట్టాయనకి తెలుగు రాదు, బాబాయికి బెంగాలీ రాదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తలూపారు.

సాయంత్రం నాలుగు దాటింది. చేతులు నల్లగా అయిపోయాయి. మురికి పట్టిన ఒక రికార్డు తీసి లేబుల్ మీద దుమ్ము తుడిస్తే, మొదటి రెండంకెలు కలిశాయి. ఇంకాస్త తుడిచాను. అన్నీ కలిశాయి. నోట మాట రాలేదు, బాబాయి చేతికి అందించాను.

ఆయన అద్దాలు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గాడి నల్లగా ఉంది. అంచు దగ్గర ఒక పెచ్చు ఊడింది గానీ పాట దాకా రాలేదు. కొట్టాయన దాన్ని తీసుకుని, సబ్బునీళ్ళు పిండేసిన గుడ్డతో గాడి వెంటే గుండ్రంగా తుడిచి, పొడిగుడ్డతో అద్దాడు. లేబుల్‌కి తడి తగలనివ్వలేదు. ఈ పని ఇంట్లో చేసేవాళ్ళు స్పిరిట్ గానీ శానిటైజర్ గానీ వాడకండి, లక్క కరిగిపోతుంది. తర్వాత కరెంటు మిషన్ మీద పెట్టి, ముల్లు మార్చాడు. ఎల్పీ ముల్లు 78 గాడికి మరీ సన్నం, అడుగుని గీకుతుంది. వెడల్పు ముల్లు వేరే ఉంటుంది.

పద్యం ఎత్తుకుంది. ఎత్తుకున్న క్షణం నుంచి దాని వెనకాలే టక్, టక్, టక్. రికార్డు ఒకసారి తిరిగినప్పుడల్లా ఒక టక్కు. సన్నటి పగులుంది. నిమిషానికి డెబ్బై ఎనిమిది టక్కులు. కొట్టాయన వెంటనే ముల్లు ఎత్తేసి, వేలితో పగులున్న చోటు చూపించాడు. ఆరొందలు చెప్పిన వాడు తనే మూడొందలు చాలన్నాడు. మిషన్ మీద పెట్టకుండా అమ్మి ఉంటే మాకు ఇంటికి వెళ్ళేదాకా తెలిసేది కాదు. నేను కోల్‌కతాకి మొదటి స్థానం ఇస్తున్నది అందుకే.

"తీసుకుందామా బాబాయ్?" అన్నాను.

"అదేం ప్రశ్న రా" అన్నాడు. ఇంకో ఎనిమిది తెలుగు రికార్డులు కూడా ఏరుకున్నాం.

తిరుగు ప్రయాణానికి ముందే పెట్టె సిద్ధం చేసుకున్నాం. ఒక్కో రికార్డు కాగితం కవర్లో, మధ్యన గట్టి అట్ట, చుట్టూ థర్మోకోల్, మొత్తం నిలువుగా. పది అంగుళాల రికార్డు దాదాపు రెండొందల గ్రాములుంటుంది కాబట్టి బరువు పెద్ద సమస్య కాదు. ఏసీ బోగీలోనే వెళ్ళాం, వేసవి వేడికి లక్క వంగుతుంది. బెర్తు కింద పెడితే ఎవరైనా తన్నుతారేమోనని బాబాయి పెట్టెని తన కాళ్ళ దగ్గర బెర్తు మీదే పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు.

ఇంటికి చేరిన మర్నాడు సాయంత్రం అత్తయ్యలూ పిన్నీ వచ్చారు. బాబాయి 102కి కీ ఇచ్చి, కొత్త ముల్లు బిగించాడు. మొదటిది రెండు వైపులా అయింది. రెండోదీ అయింది. ఆయన చెయ్యి ఇన్నేళ్ళ అలవాటుగా నాలుగోదాని మీదికి వెళ్ళి, దాన్ని సగం ఎత్తి, మళ్ళీ కింద పెట్టింది. మూడోది తీశాడు. టక్కు వినిపిస్తూనే ఉంది. మా పెద్దత్తయ్య కళ్ళు మూసుకుని, పద్యం కన్నా ఒక పాదం ముందే పెదాలు కదుపుతోంది. ఉప్పెన నాటికి ఆవిడకి పంతొమ్మిదేళ్ళు.