గ్లుటమిన్ పొడి, ఎఫ్‌బీఎక్స్ ద్రావణం: ఏళ్ల వాడకం తర్వాత

గామా కిరణాల మోతాదు కొలవడానికి వాడేవి ఇవి రెండూ: గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం పొడి, ఎఫ్‌బీఎక్స్ (ఫెర్రస్ లవణం, బెంజోయిక్ ఆమ్లం, జైలెనాల్ ఆరెంజ్ అనే రంగు కలిపిన) ద్రావణం. ఇ.ఎస్.ఆర్. (ఎలక్ట్రాన్ స్పిన్ రెసొనెన్స్, నమూనాను కరిగించకుండానే మోతాదు చదివే) యంత్రం కొనలేని గామా వికిరణ ప్రయోగశాలకు ఈ జంటను ధైర్యంగా సూచిస్తాను. కొద్ది గ్రేల (గ్రే అంటే వస్తువు గ్రహించిన రేడియేషన్ మోతాదుకు ప్రమాణం) మోతాదుకు ద్రావణం, వందల గ్రేల నుంచి కిలోగ్రేల దాకా పొడి. చదవడానికి రంగు గాఢతను కొలిచే మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు. కానీ తయారీలో అశ్రద్ధను ఇవి అస్సలు క్షమించవు.

లీటరు ఎఫ్‌బీఎక్స్‌కు ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ 78 మి.గ్రా., బెంజోయిక్ ఆమ్లం 611 మి.గ్రా., జైలెనాల్ ఆరెంజ్ టెట్రాసోడియం లవణం 152 మి.గ్రా., గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1.4 మి.లీ. కావాలి. బెంజోయిక్ ఆమ్లం చల్లటి నీళ్లలో సులువుగా కరగదు. వేడి నీళ్లలో కరిగించి, పూర్తిగా చల్లారాకే మిగతావి కలపాలి. ఫెర్రస్ లవణం వేయాల్సింది అన్నిటికన్నా చివర, ఆమ్లం కలిశాకే. ఆమ్లం లేని నీళ్లలో వేస్తే గాలికే ఆక్సీకరణం చెంది, రేడియేషన్ తగలకముందే రంగెక్కుతుంది. వికిరణంలో పుట్టిన ఫెర్రిక్ అయాన్లు జైలెనాల్ ఆరెంజ్‌తో కలిస్తే పసుపు ద్రావణం ఊదాకు తిరుగుతుంది. ఆ రంగును 540 నానోమీటర్ల దగ్గర చదవాలి. గాజుసామానుకు అంటిన ఇనుము కూడా ఇదే రంగు ఇస్తుంది కాబట్టి సీసాలను పలుచని ఆమ్లంలో నానబెట్టి, స్వేదనజలంతో కడగండి. వికిరణం చేయని ద్రావణం కూడా నిల్వలో నెమ్మదిగా ముదురుతుంది. దాని రీడింగు రోజూ తీసి, నమూనా రీడింగులోంచి తీసేయాలి. జైలెనాల్ ఆరెంజ్ కొత్త సీసా తెరిచినప్పుడల్లా క్రమాంకనం (తెలిసిన మోతాదులతో రీడింగులను సరిపోల్చుకోవడం) మళ్లీ చేయాల్సిందే.

నాకు ఎక్కువ నచ్చింది పొడి. వికిరణంలో పుట్టిన స్వేచ్ఛా రాడికల్స్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న, చురుగ్గా చర్య జరిపే కణాలు) పొడి గింజల్లో చిక్కుకుని ఉండిపోతాయి కాబట్టి తొందరపడి చదవక్కర్లేదు. పొడిని బెంజోయిక్ ఆమ్లం లేని ఫెర్రస్–జైలెనాల్ ఆరెంజ్ ద్రావణంలో కరిగించగానే అవి విడుదలై, కరిగి ఉన్న ఆక్సిజన్‌తో కలిసి ఫెర్రస్‌ను ఆక్సీకరిస్తాయి. ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. గింజల సైజు మారితే రంగు మారుతుంది, అందుకే ఎప్పుడూ ఒకే జల్లెడ వాడాలి. పొడి అంతా ఒక్కసారే వేసి, ప్రతిసారీ ఒకే తీరున కలపాలి. తేమ తగిలితే రాడికల్స్ చచ్చిపోతాయి, పొడి నింపిన గొట్టం మూత బిగుతుగా ఉండాలి. తూకం మరో చిక్కు: 0.1 మి.గ్రా. తేడా 20 మి.గ్రా. పొడిలో 0.5 శాతం, 5 మి.గ్రా. పొడిలో 2 శాతం.

అధిక మోతాదులో క్రమాంకన రేఖ వంగితే కారణం రెండు చోట్ల వెతకాలి. ద్రావణంలో ఫెర్రస్ అంతా ఖర్చైపోయి ఉంటే పొడి తగ్గిస్తే సరిపోతుంది. గింజల్లోనే రాడికల్స్ సంతృప్తస్థితికి చేరి ఉంటే ఎంత తగ్గించినా లాభం లేదు, అక్కడ ఈ పద్ధతిని నమ్మకూడదు.

అసలు లోటు ఒకటే. పొడి కరిగిందంటే కొలత అయిపోయినట్టే, మళ్లీ చదవడం కుదరదు. ఇ.ఎస్.ఆర్.తో చదివే అలనైన్ (ఇదీ ఒక అమైనో ఆమ్లమే) అలా కాదు, ఎన్నిసార్లయినా చదవచ్చు. అందుకే మోతాదు కొలవాల్సిన ప్రతి స్థానంలో కనీసం మూడు గొట్టాలు పెట్టండి. సంవత్సరాల తర్వాత తిరిగి చూపాల్సిన రికార్డు అయితే పక్కన అలనైన్ బిళ్ల కూడా ఉంచండి.