హమీదుల్లా గారి బహావల్‌పూర్ లెక్చర్లు: ప్రింట్ అంతంతమాత్రం, విషయం బంగారం

ముందు కాపీ సంగతి చెప్తా. హమీదుల్లా గారు పాకిస్తాన్‌లో ఇస్లాం మీద ఇచ్చిన లెక్చర్ల ఉర్దూ పుస్తకం ఖుత్బాత్-ఎ-బహావల్‌పూర్‌కి ఇంగ్లీష్ అనువాదం ఇది, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. బైండింగ్‌కి గమ్ సరిగ్గా పట్టలేదు, మధ్యలో తెరిస్తే పేజీలు ఊడొస్తున్నాయి, జిరాక్స్ లాంటి ప్రింట్. సెల్లర్ రిటర్న్ తీసుకుంటామన్నారు గానీ అప్పటికే చదవడం మొదలుపెట్టేశా, ఇక ఇవ్వబుద్ధి కాలేదు.

మహమ్మద్ హమీదుల్లా గారు మన హైదరాబాద్ ఆయనే, 1908లో ఇక్కడే పుట్టి, ఉస్మానియాలో చదివి, జర్మనీలో ఒకటి పారిస్‌లో ఒకటి డాక్టరేట్లు చేసొచ్చి మళ్లీ ఉస్మానియాలోనే ఇంటర్నేషనల్ లా చెప్పారు. 1948లో నిజాం ప్రభుత్వం తరఫున హైదరాబాద్ కేసు ఐక్యరాజ్యసమితికి వెళ్లినప్పుడు ఆ బృందంతో బయటికెళ్లారు, పోలీస్ యాక్షన్ అయ్యాక పారిస్‌లోనే ఉండిపోయారు, ఇంకో దేశం పౌరసత్వం కూడా తీసుకోకుండా దశాబ్దాలు శరణార్థి కాగితాల మీదే బతుకుతూ రిసెర్చ్ చేశారు, 1959లో ఖురాన్‌ని ఫ్రెంచ్‌లోకి తెచ్చారు. ఇంత పెద్దాయన పేరు మన దగ్గర ఎంతమందికి తెలుసు చెప్పండి, నాకైతే నిజంగా బాధేస్తుంది.

పుస్తకంలో ఉన్నవి 1980లో బహావల్‌పూర్ ఇస్లామియా యూనివర్సిటీలో ఇచ్చిన 12 లెక్చర్లు, ప్రతిదాని చివర శ్రోతల ప్రశ్నలు, ఈయన జవాబులు. నాకు బాగా నచ్చింది హదీసుల (మహమ్మద్ ప్రవక్త మాటలు, పనుల గురించిన కథనాల) చరిత్ర మీదది. హదీసులు ప్రవక్త తర్వాత చాలా కాలానికి గానీ రాతలోకి రాలేదు కాబట్టి నమ్మలేం అని ఒక వాదన ఉంది కదా, దానికి ఈయన ఆవేశపడరు, రాతప్రతి తీసి ముందు పెడతారు. ప్రవక్త సహచరుడు అబూ హురైరా శిష్యుడు హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ రాసిపెట్టుకున్న 138 హదీసుల చిన్న సంకలనం ఉంది, దాని ప్రతులు బెర్లిన్‌లో ఒకటి, డమాస్కస్‌లో ఒకటి ఉంటే రెండూ పోల్చి చూసి అచ్చేయించింది ఈయనే. ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చిన అహ్మద్ ఇబ్న్ హన్బల్ పెద్ద హదీసు సంకలనం ముస్నద్‌లో అవే హదీసులు దాదాపు అవే మాటల్లో ఉన్నాయి. అంటే తొలి రోజుల్లోనే రాసిపెట్టుకున్నారు, తర్వాత మాటలూ పెద్దగా మారలేదు అని ఈయన వాదన. ఆధారం చూపించడం అంటే ఇదీ.

ఇంటర్నేషనల్ లా లెక్చర్ కూడా బావుంది, యుద్ధం, సంధి, రాయబారుల గురించి చెప్తుంటే లా క్లాసులో కూర్చున్నట్టే ఉంటుంది. ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) మీద లెక్చర్ మాత్రం బొత్తిగా కొత్తవాళ్లకి కాస్త కష్టం, నెమ్మదిగా చదవాలి.

ఉర్దూ వచ్చినవాళ్లు ఒరిజినలే కొనండి. ఇంగ్లీష్‌ది కొనేవాళ్లు వీలైతే షాపుకెళ్లి బైండింగ్ చూసుకుని తీసుకోండి. విషయానికి 5 స్టార్లు, ప్రింట్‌కి 2.