గాలి కూలరా, లిక్విడ్ కూలరా? సీమ ఎండల్లో కంప్యూటర్‌కు ఏది మేలు

కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే ప్రధాన చిప్ ప్రాసెసర్. దాని మీద బిగించే ఏ కూలరైనా దాన్ని గదిలోని గాలి కన్నా చల్లగా ఉంచలేదు. కర్నూలు, అనంతపురం, కడపల్లో కొత్త డెస్క్‌టాప్ కట్టించుకునేవారు ముందుగా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే, తర్వాతి లెక్కలు చాలావరకు వాటంతటవే తేలతాయి. సమీక్షల్లో కనిపించే అంకెలు సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల గదిలో తీసినవి. మన దగ్గర మే నెలలో బయట 42, 43 డిగ్రీలు మామూలు సంగతి. నేరుగా డాబా కిందున్న గది మధ్యాహ్నానికి ఎలా ఉడుకుతుందో ఇక్కడ పుట్టినవారికి చెప్పనక్కర్లేదు. 25 డిగ్రీల గదిలో 70 చూపించే ప్రాసెసర్, అదే కూలర్‌తో అదే పని చేస్తూ 40 డిగ్రీల గదిలో 85 దగ్గర నిలుస్తుంది. గది ఎంత వేడెక్కితే ప్రాసెసరూ దాదాపు అంతే పైకి జరుగుతుంది. గాలి కూలరైనా, లిక్విడ్ కూలరైనా దీన్నుంచి తప్పించుకోలేవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఊళ్ళలో ప్రాసెసర్‌ను గంటల తరబడి పూర్తి బరువుతో నడిపించేది ఆటలాడే కుర్రాళ్ళు కాదు, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలవాళ్ళు. వైశాఖ ముహూర్తాలు పడేది సరిగ్గా ఎండలు ముదిరినప్పుడే. పనీ ఎండా ఒకే నెలలో మీద పడతాయి. కాబట్టి డిసెంబరులో కొన్న కూలర్ బాగుందో లేదో డిసెంబరులో చెప్పలేం.

కూలర్ కన్నా ముందు చూడాల్సింది ప్రాసెసర్ ఎన్ని వాట్లు లాగుతుందన్నది. డబ్బా మీది అంకె సగం నిజమే. ఇంటెల్ ఐ5-12400 మీద 65 వాట్లని ఉంటుంది, గరిష్ఠంగా 117 దాకా పోతుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7600 కూడా 65 వాట్లదే, అసలు పరిమితి 88. ఇలాంటివాటికి లిక్విడ్ కూలర్ బిగించడం డబ్బు దండగ. ఐ9-14900కె 253 వాట్లు, రైజెన్ 9 7950ఎక్స్ 230 వాట్లు లాగుతాయి. అక్కడ కథ మారుతుంది. ఈ పెద్ద చిప్‌లు కూడా ఆటల్లో ఆ గరిష్ఠాన్ని అరుదుగా తాకుతాయి, గంటల రెండరింగ్‌లోనైతే (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా మార్చే పనిలో) తాకి అక్కడే కూర్చుంటాయి. హద్దు దాటబోతే చిప్ కాలిపోదు, వేగం తగ్గించుకుంటుంది. పైన చెప్పిన ఇంటెల్ చిప్‌లలో ఆ హద్దు 100 డిగ్రీలు, రైజెన్ 7000 వరుసలో 95, అదే వరుసలోని 7800ఎక్స్‌3డి లాంటి ఎక్స్‌3డి చిప్‌లకు మాత్రం 89.

గాలి కూలర్ అనగానే ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే చిన్న ఫ్యానును ఊహించుకుని తీసిపారేస్తారు. పోలిక దానితో కాదు. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈలో రెండు టవర్లు, ఆరు హీట్ పైపులు, రెండు 120 మి.మీ. ఫ్యాన్లు ఉంటాయి. నోక్టువా ఎన్‌హెచ్-డి15 ఇంకా పెద్దది, ఖరీదూ ఎక్కువే. నిజానికి వీటిలోనూ నీళ్ళే పని చేస్తాయి. ఆ రాగి పైపుల్లో గాలి తీసేసి, కాసిని నీళ్ళు పోసి మూసేస్తారు. ప్రాసెసర్ దగ్గర నీరు ఆవిరై రెక్కల వైపు పోయి, అక్కడ చల్లబడి మళ్ళీ నీరై వెనక్కి వస్తుంది. తేడా అల్లా పంపు లేకపోవడమే. పంపు లేదు కాబట్టి చెడిపోయేది ఫ్యాను ఒక్కటే.

లిక్విడ్ కూలర్‌లో పంపు, రాగి పలక, రెండు గొట్టాలు, అల్యూమినియం రేడియేటర్ ఉంటాయి. లోపల గ్లైకాల్, తుప్పు పట్టనివ్వని రసాయనాలు కలిపిన నీరు తిరుగుతుంది. 120 మి.మీ. రేడియేటర్ (ఒక్క ఫ్యాను పట్టేది) ఉన్నది ఎవరు ఉచితంగా ఇచ్చినా ఆలోచించే తీసుకోండి, మంచి గాలి కూలర్ దాన్ని సులువుగా దాటిపోతుంది. 240 మి.మీ.ది (రెండు ఫ్యాన్లది) రెండు టవర్ల గాలి కూలర్‌కు అటూ ఇటూగా ఉంటుంది, ధర మాత్రం చాలావరకు రెట్టింపు. లిక్విడ్ కూలర్ నిజంగా ముందుకు పోయేది 280 (రెండు పెద్ద ఫ్యాన్లది), 360 (మూడు ఫ్యాన్లది) సైజుల్లోనే, అదీ ప్రాసెసర్ 200 వాట్లు దాటినప్పుడే. చిన్న చిన్న పనుల్లో లిక్విడ్ కూలర్ చాలా చల్లగా కనిపించడానికి కారణం, లోపలి నీరు వేడెక్కడానికి సమయం పట్టడమే. అరగంట రెండరింగ్ తర్వాత ఆ వెసులుబాటు అయిపోతుంది. దుకాణంలో ఐదు నిమిషాల పరీక్ష చూపిస్తే నమ్మవద్దు.

సీమలో లిక్విడ్ కూలర్‌కు అదనంగా ఒక ఇరుకు ఉంది. లోపలి ద్రవం 60 డిగ్రీలు దాటకూడదని చాలా కంపెనీలు చెబుతాయి. 22 డిగ్రీల గదిలో ఆ హద్దు కనుచూపు మేరలో ఉండదు. 40 డిగ్రీల గదిలో, ఇరుకు కేబినెట్‌లో, గ్రాఫిక్స్ కార్డు వేడి కూడా రేడియేటర్ గుండానే బయటికి పోవాల్సి వస్తే మిగిలే జాగా కొద్దిగానే. పైగా వేడి పెరిగేకొద్దీ రబ్బరు గొట్టాల గోడల్లోంచి నీరు ఆవిరై కొంచెం కొంచెంగా తరిగిపోవడమూ పెరుగుతుంది. లీకవడం అరుదే. అయితే లీకయితే ఆ చుక్క పడేది సాధారణంగా కిందున్న గ్రాఫిక్స్ కార్డు మీద.

నన్ను గాలి కూలర్ వైపు లాగేది ఇవన్నీ కాదు, సర్వీసు. మంచి లిక్విడ్ కూలర్లకు ఐదారేళ్ళ వారంటీ ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ పంపు ఆగిపోతే దాన్ని బెంగళూరుకో హైదరాబాద్‌కో పంపి తిరిగి వచ్చేదాకా కంప్యూటర్ మూతపడాల్సిందే. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాద్ రెండూ 210 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉన్నాయి. దూరం పెద్దది కాదు, పార్సిల్ వెళ్ళి వచ్చే వారాలే పెద్దవి. గాలి కూలర్‌లో ఫ్యాను పోతే ఊళ్ళో దొరికే ఏ 120 మి.మీ. ఫ్యానైనా కొని ఆ సాయంత్రమే క్లిప్పులకు తగిలించుకోవచ్చు. ముహూర్తాల నెలలో స్టూడియోకు ఈ ఒక్క కారణం చాలు.

ఇక డబ్బు సంగతి. పంపు మీద ఉష్ణోగ్రత చూపించే బుల్లి తెర ఉన్న 360 మోడల్‌కు ఇచ్చే సొమ్ముతో మంచి గాలి కూలరూ, గదికో ఎయిర్ కూలరూ రెండూ వస్తాయి. వెటకారానికి అనడం లేదు. మనది పొడి ఎండ. అనంతపురం లాంటి చోట వేసవి గాలిలో తేమ బాగా తక్కువ కాబట్టి నీళ్ళు పోసే ఆ గది కూలర్ గదిని కొన్ని డిగ్రీలు నిజంగానే దించుతుంది. గది దిగినన్ని డిగ్రీలు ప్రాసెసరూ దిగుతుంది, గ్రాఫిక్స్ కార్డూ దిగుతుంది, ఎదురుగా కూర్చున్న మనిషి ప్రాణమూ కుదుటపడుతుంది. తేమ వల్ల కేబినెట్ లోపల నీళ్ళు పడతాయేమోనని భయపడనక్కర్లేదు, నడుస్తున్న కంప్యూటర్‌లోని భాగాలు గది కన్నా వేడిగానే ఉంటాయి. కేబినెట్‌ను కూలర్ గాలికి నేరుగా ఎదురుపెట్టకుండా ఉంటే చాలు. మన బోరు నీళ్ళ తుంపర ఎక్కడ ఆరినా తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది.

అయితే లిక్విడ్ కూలర్ ఎవరికి? ఏసీ గదిలో 14900కె, 7950ఎక్స్ లాంటివాటితో రోజంతా రెండరింగ్ చేసేవారికి 360 మి.మీ.ది కొనడం సబబే. కేబినెట్ వెడల్పు తక్కువై 155 మి.మీ. ఎత్తున్న గాలి కూలర్ పట్టకపోయినా అదే దారి. వారికి కూడా ముందొక సలహా: బయాస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్ళి వాట్ల పరిమితిని తగ్గించి చూడండి, రైజెన్‌లోనైతే ఎకో మోడ్ ఉంది. వాట్లు మూడోవంతు కోసినా వేగం ఆ మేరకు పడిపోదు. ఆ చివరి కాసింత వేగం కోసమే చిప్ అంత కరెంటు తాగేది. ఎవరికి వారు గొట్టాలు కలిపి, నీళ్ళు పోసి కట్టుకునే కస్టమ్ లూప్ గురించి మాట్లాడను. అది సరదా, అవసరం కాదు.

కొనేముందు కొలతలు చూసుకోవాలి. గాలి కూలర్‌కు కేబినెట్ పక్క తలుపు దాకా ఎంత ఎత్తు పడుతుందో, ర్యామ్ మీదికి ఫ్యాను వస్తుందో లేదో చూడాలి. రేడియేటర్‌కైతే మందం ముఖ్యం: మామూలు రేడియేటర్ 27 మి.మీ., దాని మీద ఫ్యాను 25, మొత్తం 52. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 రేడియేటరే 38 మి.మీ. ఉంటుంది. కేబినెట్ వివరాల్లో 360 పడుతుందని రాసి ఉన్నా, అది పైనా ముందా అన్నది చదవకుండా డబ్బు కట్టవద్దు.

బిగించేటప్పుడు తప్పులు జరిగేది చిన్న విషయాల్లోనే. రాగి పలక మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది తీయకుండా బిగిస్తే ప్రాసెసర్ విపరీతంగా వేడెక్కుతుంది. పాత రైజెన్‌లు పట్టే ఏఎం4 బోర్డుల్లో పైనున్న ప్లాస్టిక్ పట్టీల స్క్రూలు విప్పగానే వెనక పలక ఊడి కింద పడుతుంది, చేత్తో పట్టుకుని విప్పాలి. కొత్త రైజెన్‌ల ఏఎం5లో అది సాకెట్‌కే (ప్రాసెసర్ కూర్చునే గూటికే) బిగించి ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. ఇంటెల్ 1700 సాకెట్‌కు రంధ్రాల దూరం 78 మి.మీ., అంతకు ముందు 1200కు 75. పాత కూలర్‌ను కొత్త బోర్డుకు వాడాలంటే కొత్త పట్టీలు తెప్పించుకోవాలి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టును ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత పెడితే చాలు. నాలుగు స్క్రూలను ఒక్కొక్కటే పూర్తిగా బిగించకుండా, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొద్దికొద్దిగా బిగించాలి.

లిక్విడ్ కూలర్‌లో రేడియేటర్ పై అంచు ఎప్పుడూ పంపు కన్నా ఎత్తులో ఉండాలి. లోపల కాస్త గాలి ఎలాగూ ఉంటుంది, అది ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ చోటు పంపైతే గుడగుడ శబ్దం వస్తుంది, పంపు ఆయుష్షూ తగ్గుతుంది. అందుకే కేబినెట్ అడుగున రేడియేటర్ పెట్టకూడదు. ముందు భాగంలో పెడితే గొట్టాలు కిందికి ఉండేలా చూసుకోవాలి. పంపు తీగను మదర్‌బోర్డులో పంపుకని రాసిన చోట, రేడియేటర్ ఫ్యాన్ల తీగను సీపీయూ ఫ్యాను అని రాసిన చోట గుచ్చాలి. ఆ రెండోది ఖాళీగా ఉంటే చాలా బోర్డులు ఫ్యాను లేదని మొరాయించి అక్కడే ఆగిపోతాయి. పంపును ఎప్పుడూ పూర్తి వేగంతోనే నడపండి, వేగం తగ్గించాల్సింది ఫ్యాన్లకే.

పెద్ద గాలి కూలర్ కిలో దాటుతుంది. కేబినెట్‌ను ఆటోలోనో బస్సులోనో వేరే ఊరికి తీసుకుపోతే నిలబెట్టకుండా పక్కకు పడుకోబెట్టాలి, లేదంటే ఆ బరువంతా బోర్డు మీద ఊగుతుంది.

దుమ్ము దగ్గర కూడా గాలి కూలర్‌కే నా ఓటు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పాలిష్ దుమ్ము, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము, ఆదోనిలో పత్తి నూగు ఎక్కడికైనా దూరతాయి. గాలి కూలర్ ఫ్యానును క్లిప్పు తీసి నిమిషంలో విప్పి రెక్కలు దులపొచ్చు. రేడియేటర్‌లో దుమ్ము ఫ్యానుకూ రెక్కలకూ మధ్య చాపలా పేరుకుని, ఊక పట్టిన ట్రాక్టర్ రేడియేటర్‌లా ఊపిరాడకుండా చేస్తుంది. 360లో దాన్ని చూడాలంటేనే ఫ్యాన్ల స్క్రూలు పన్నెండు విప్పాలి. ఏది కొన్నా కేబినెట్ ముందు జాలీ ఫిల్టర్ ఉండాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, గిర్రున తిరగనిస్తే బేరింగు పాడవుతుంది. ఈ పని ఉగాదికి ముందొకసారి, దసరా వెళ్ళాక ఒకసారి చేస్తే సరిపోతుంది. ఆదోనిలోనైతే సంక్రాంతి దాటాక ఇంకోసారి.