అలంకారాల వీడియో పాఠాలు: ఉపమ దగ్గర మెరుపు, ఉత్ప్రేక్ష దగ్గర తడబాటు

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కోసం తెలుగు వ్యాకరణంలోని అలంకారాల మీద రికార్డు చేసిన 12 వీడియో పాఠాలను కొని, ఆమె పక్కనే కూర్చుని రెండు వారాలలో అన్నింటినీ చూశాను.

పోలిక చెప్పే ఉపమాలంకారం పాఠం చాలా బాగుంది. ఉపమేయం (దేన్ని పోలుస్తామో అది), ఉపమానం (దేనితో పోలుస్తామో అది), సమానధర్మం (రెండింటికీ ఉన్న గుణం), ఉపమావాచకం (పోలికను తెలిపే మాట) అనే నాలుగింటినీ ఒకే వాక్యంలో నాలుగు రంగులలో చూపించి, తరువాత ఒక్కొక్కదాన్నీ తీసివేస్తూ పూర్ణోపమ లుప్తోపమగా ఎలా మారుతుందో వివరించారు. మరునాడు మా అమ్మ "నీ గది సంతలా ఉందే" అని మందలిస్తే, "సమానధర్మం చెప్పలేదు అమ్మమ్మా, ఇది లుప్తోపమ" అని మా అమ్మాయి జవాబిచ్చింది. గది మాత్రం సర్దలేదు.

అంతకన్నా మెచ్చుకోవలసినది రూపకాన్ని సమాసంతో ముడిపెట్టి చెప్పడం. "తేనెమాట" అంటే తేనె వంటి మాట కనుక అక్కడ ఉన్నది పోలికేననీ, "విద్యాధనం" అంటే విద్య అనే ధనం కనుక అక్కడ రెండింటికీ భేదమే లేదనీ, అదే రూపకమనీ విగ్రహవాక్యాలు (సమాసాన్ని విడదీసి చెప్పే వాక్యాలు) రాసి చూపడంతో, వ్యాకరణంలో వేర్వేరు చోట్ల చదివిన సంగతులు ఆమెకు ఒక్కచోటికి చేరాయి.

ఉత్ప్రేక్ష దగ్గరే చిక్కు వచ్చింది. "అన్నట్లున్నది", "కాబోలు" వంటి మాటలు కనిపిస్తే ఉత్ప్రేక్ష అని గుర్తుపెట్టుకోమన్నారు. పరీక్షలో ఆ చిట్కా గట్టెక్కించవచ్చు గాని, "వాన వచ్చేట్టున్నది, బట్టలు తియ్యి" అన్న నా మాటను కూడా ఆమె ఉత్ప్రేక్ష కిందనే జమకట్టింది. మబ్బులను చూసి ఏనుగు గున్నలో ఏమో అనుకుంటే, పోలికను బట్టి ఒక వస్తువును మరొక వస్తువుగా ఊహించడం ఉన్నది కనుక అది అలంకారం. వాన వస్తుందనుకోవడం ఉత్త అంచనా. ఈ మాట చెప్పడానికి అర నిమిషం చాలు.

మాటల శబ్దం వల్ల అందం తెచ్చే శబ్దాలంకారాలను హడావిడిగా ముగించారు. ఒకే మాట ఒకే అర్థంతో వెంటనే మళ్ళీ వచ్చి తాత్పర్యం మాత్రం మారే లాటానుప్రాసకు పోతన గారి "కమలాక్షు నర్చించు కరములు కరములు" ఉదాహరణ ఇచ్చారు గాని, రెండు చోట్లా అర్థం చేతులే అయినా రెండోది ధన్యమైన చేతులనే తాత్పర్యాన్ని ఇస్తుందని చెప్పకపోవడంతో, అర్థమే మారే యమకానికీ దీనికీ తేడా ఆమెకు అందలేదు. పైగా అభ్యాసాలలో "తాటిచెట్టంత పొడవు" అనే ఒకే ఉదాహరణ మూడుసార్లు వచ్చింది.

ఉపమ, రూపకం పాఠాల కోసమైతే కొనవచ్చు. మిగిలినవాటిని పెద్దవాళ్ళు పక్కన కూర్చుని, ఆపి ఆపి చూపించవలసి ఉంటుంది.